పాలగాజు గొడుగు

"పెట్టె మీంచి లెయ్."

"లెయ్యను."

"పదిగంటలకు బస్సు."

"పోనీ. ఈ పొద్దు పోతే రేపు మల్లా వస్తాది. నీ మాదిరి దారి మరిచి ఇంగో ఊర్లో నిలబడదు."

ఈ మాటలు పొద్దుటి నుంచి నాలుగోసారి. కమాల్ బాషా ఇల్లంతా గాలించాడు. అటక మీద చూశాడు, గాదె వెనక చూశాడు, పిడకల గంపలో కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఆఖరుకు తాను వెతికే వస్తువు భార్య కూర్చున్న ట్రంకుపెట్టెలోనే ఉందని తేలింది. తేలి మాత్రం ఏం లాభం? తాళంచెవి పీరాంబి కొంగున ముడిలో ఉంది, పీరాంబి పెట్టె మీద ఉంది. ఆమెను లేపడం కమాల్ బాషా వల్ల అయ్యే పని కాదని ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి వీధంతా ఎరుగుదురు.

వసారాలో గోనెపట్టా మీద, పులివెందుల నుంచి మరమ్మతుకు వచ్చిన దీపం తిరుగు బస్సెక్కడానికి సిద్ధంగా ఉంది. నెల కిందట అది మసిపట్టిన పాత ఇత్తడి దీపం, దూలానికి గొలుసుతో వేలాడదీసే కిరసనాయిలు దీపం. కమాల్ బాషా దాని నూనెబుడ్డిని చాకలిసోడా పోసి మూడుసార్లు కడిగాడు. వత్తి ఉండేచోట బల్బు హోల్డరు పెట్టి తగరంతో మాటువేశాడు. గొలుసు వెంబడే వైరు చుట్టుకుంటూ పైదాకా తీసుకుపోయాడు. చింతపండుతో తోమి, మళ్ళీ నల్లబడకుండా పల్చగా వార్నీషు పూశాడు. మద్రాసు నుంచి కొత్తది తెప్పిస్తే అయ్యే ఖర్చులో పావు వంతు కూడా కాలేదు. చూసినవాళ్ళు ఇది పాతదంటే నమ్మరు. ఇంక దానికి కావలసింది ఒక్కటే, వెలుతురు కిందికి పడేలా పైన బోర్లించే పాలగాజు గొడుగు.

నిన్న సాయంత్రం వరకూ అదీ ఉండేది. పీరాంబి దీపం చూడ్డానికి వసారాలోకి వచ్చి, ఆ గొడుగును చూసి, నేరుగా నడిమింట్లోకి పోయి తన దీపాన్ని చూసుకుంది. అక్కడ దూలానికి ఒట్టి ఇత్తడి చట్రం వేలాడుతోంది. గొడుగు లేదు.

ఆ గొడుగు ఆమె తండ్రి పీర్ సాహెబ్ ఇచ్చింది. జమ్మలమడుగులో ఇల్లిల్లూ తిరిగి దూది ఏకే మనిషి. కూతురు కాపురానికి వచ్చిన యేడు, ఏకిన దూదిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఎద్దులబండిలో ఇంత దూరం తెచ్చి ఇచ్చాడు. అంచంతా కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. పీరాంబి ఎనిమిదేళ్ళుగా దాన్ని ఇంకొకరి చేత తుడవనివ్వలేదు.

"సొంత ఇంటి దీపానికి బోడిగుండు చేసి, పులివెందుల ఆయమ్మ దీపానికి టోపీ పెడతాండావా?" అంది పీరాంబి. "నేను గుడ్డిదాన్ననుకున్యావా?"

"పెడితే ఏమైతాది? నెల తిరక్కముందే మద్రాసు నుంచి ఇంగోటి తెప్పిస్తా."

"ఆ తెప్పిచ్చేదేదో ఆయమ్మకే తెప్పీ. నాది నాకు ఉండనీ. ఇంతకూ ఆయమ్మ గొడుగు ఏమాయ?"

కమాల్ బాషా గోడకు తగిలించిన చొక్కా తీసి దులపడం మొదలుపెట్టాడు.

"అడుగుతాండా. ఆమె దీపానికి గొడుగు ఉండిందా లేదా?"

"ఉండింది."

"యాడ?"

మళ్ళీ చొక్కా దులపడమే. శుభ్రంగా చలవచేసిన చొక్కా అది. దులపడానికి అందులో ఏమీ లేదు.

పీరాంబి చూపు ఆ చొక్కా మీద పడింది. ఒక్క దీపం కొలతలు తీసుకోవడానికి ఈయన పులివెందులకు మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ చలవచొక్కానే వేసుకున్నాడు. ప్రొద్దుటూరు షరాబుల ఇళ్ళకు పనికి పోయేటప్పుడు మాసిన బనీనుతో పోయే మనిషికి పులివెందులలో ఇస్త్రీ ఎందుకు? ఆ ఇంట్లో మెహరున్నీసా ఉంది కాబట్టి. మొగుడు పోయి మూడేళ్ళయిన మెహరున్నీసా, నూనెమిల్లు ఉన్న మెహరున్నీసా, ఈయనకు మేనమామ కూతురైన మెహరున్నీసా. చిన్ననాడు ఇద్దరికీ పెళ్ళి అనుకున్నారు. తర్వాత మేనమామకు మిల్లుగలవాళ్ళ సంబంధం దొరికింది. కమాల్ బాషాకు పీరాంబి దొరికింది. ఈ లెక్క పీరాంబి ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు వేసుకుందో ఆమెకే తెలియాలి. పోయిన నెల పులివెందుల నుంచి "కమాల్ బావ వచ్చి మా దీపం చూసిపోవాల" అని కబురు వచ్చినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

వంటింటి గడప మీద కూర్చుని తమలపాకు ఈనె తీస్తున్న అత్త దస్తగిరమ్మ ఇప్పుడు కల్పించుకుంది.

"ఒక గాజుపెంకు కోసరం ఇంత రచ్చేందే పీరాంబీ? మెహరున్నీసా పరాయిదా? నా అన్న కూతురు. అన్నీ మేం అనుకున్నట్ల జరిగింటే ఈ ఇంట్లో నీ..."

అంతటితో ఆపేసింది. ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"చెప్పు అత్తా. ఈ ఇంట్లో నా చోట ఎవురుండేది?"

"ఏమీ లేదమ్మా. నోరు జారింది."

"జారలేదు. ఎనిమిదేండ్ల నుంచి అది నీ నోట్లో వక్కమాదిరి నానతానే ఉండాది."

దస్తగిరమ్మ లేచి, చెంబు పట్టుకుని పక్కింటికి పోయింది. బయట ఎవరో మగ్గం ఆడిస్తున్న శబ్దం వినిపిస్తోంది.

కమాల్ బాషా వచ్చి పెట్టె ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఇంటాండావా? ఊర్లో కరెంటొచ్చి నా అంగట్లో బుడ్డీ అడిగేవాడు లేడు, వత్తి అడిగేవాడు లేడు. ఈ ఒక్క దీపం బాగొస్తే ఆమె మరిది నూర్ అహ్మద్ మిల్లు ఆపీసులో దీపాలన్నీ నాకే ఇస్తానన్యాడు. ఆయన ఇస్తే పులివెందులలో ఇంగ పదిండ్లు ఇస్తాయి. పాత ఇత్తడిని కరెంటుకు మార్చే పని ఈ చుట్టుపక్కల ఇంగెవునికీ తెల్దు. లేదంటే పెట్టేబేడా సర్దుకోని నేను బళ్ళారికి కూలికి పోవాల. నీ ఇష్టం."

"నా గొడుగు గురించి అడిగితే బళ్ళారి కత చెప్తాండావు. ఆమె గొడుగు ఏమాయనో చెప్పు, పెట్టె తెరుస్తా. ఆమె గురుతుగా యాడన్నా దాచిపెట్టుకున్యావా? అంగట్లో పెట్టుకోని చూసుకుంటాండావా?"

ఈ చివరి మాటకు కమాల్ బాషా ముఖం ఎర్రబడింది. లేచి పెరట్లోకి పోయాడు. కళాయి కొలిమి పక్కన బూడిదగుంట తవ్వి ఒక గుడ్డమూట తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. మూట గలగలమంది.

పీరాంబి విప్పింది. పాలగాజు పెంకులు. అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంది, అచ్చం తన గొడుగులాగే. రంగు మాత్రం రవంత పచ్చన.

"పగలగొట్టినావా?"

"ఉడకబెట్టినా."

ఆమెకు అర్థం కాలేదు.

"ఉప్పునీళ్ళలో పెట్టి ఉడకబెట్టినా," అన్నాడు కమాల్ బాషా నేల చూపులు చూస్తూ. "కిరసనాయిలు దీపాల గాజంతా అట్లనే గదా చేసేది. మంట సెగకు చిట్లకుండా. ఇరవయ్యేండ్లుగా చేస్తాండా, చేతులు వాటంతటవే చేసినాయి. దీని మెడ లోపల ఇత్తడి కడియం సున్నంతో అతికించి ఉండాది, అది మరిచిపోయినా. నీళ్ళు కాగేకొద్దీ కడియం సాగింది, గాజు మూడు పక్కల చీలింది."

"కరెంటు దీపానికి మంట యాడిది?"

"లేదు."

"మల్లెందుకు ఉడకబెట్టినావు?"

"అదే చెప్తాండా గదా. చేతులు చేసినాయి."

పీరాంబికి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అరగంట కిందట ఈయన్ను పెన్నలో తోసేద్దామనుకున్న మనిషి, పెట్టె మీద అటూ ఇటూ ఊగి నవ్వింది. కమాల్ బాషా కూడా నవ్వబోయాడు. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఎన్ని దినాలైంది?"

"ఎనిమిది."

"ఎనిమిది దినాలు నేను కూడు తినకుండా ఏడుస్తాంటే చూస్తా కూచున్యావా? ఒక్క మాట చెప్పింటే నీ నోటి ముత్యాలు రాలతాయా?"

"నువ్వు అనుమానపడితే అది ఇంట్లోనే ఉంటాది మే. ఇది బయటికి పోతే? కరెంటు దీపానికి గాజు ఉడకబెట్టిన కమాలు అని ఊరూరా నవ్వుతారు. ఇంగ నా చేతికి దీపం ఎవురిస్తారు?"

నిజమే. ఆ మాటలో న్యాయం ఉందని పీరాంబికి తెలుస్తూనే ఉంది, కానీ దానివల్ల మంట రవంత కూడా తగ్గలేదు. తన పెళ్ళాం గుండె పగిలినా ఫర్వాలేదు, మెహరున్నీసా ముందు తన పనితనం పగలకూడదు. అంతేగా దీని అర్థం! వేరే ఎవరి గొడుగు పగిలినా ఈయన ఇలాగే దాచేవాడా? "పొరపాటైంది సామీ, దుడ్లు పట్టుకో" అని చేతులు జోడించేవాడు. ఆమె ఇది పైకి అనలేదు. కొంగు ముడి విప్పింది.

"గొడుగు ఇస్తాండా. ఇస్తాండా గానీ అప్పుగా ఇస్తాండా. నెలకల్లా మద్రాసుది తెచ్చి ఆడ పెట్టి, నాది నాకు తెచ్చియ్యాల."

"సరే."

"ఇంగో మాట. నేనూ వస్తా."

కమాల్ బాషా ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం పీరాంబి లెక్కలోంచి పోలేదు.

"రా," అన్నాడు తర్వాత.

బస్సు ముద్దనూరు దాటింది. దీపం గోనెపట్టాలో ఆయన కాళ్ళ మధ్య ఉంది. గొడుగు పీరాంబి ఒళ్ళో ఉంది. దూది ఏకే ఇంట్లో పుట్టిన పిల్లకు గాజు సర్దడం ఎవరూ నేర్పనక్కర్లేదు. అడుగున దూది, లోపల దూది, పైన దూది వేసి, పాత చీరతో కట్టింది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా మూటను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఎంత జాగ్రత్తగా మోసుకుపోతున్నానో చూడు, ఎవరి ఇంటికి మోసుకుపోతున్నానో చూడు, అనుకుంటే ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఆమెకు రవంత పచ్చన ఉంటేనే ఇష్టం," అన్నాడు కమాల్ బాషా ఉన్నట్టుండి.

"ఏంది?"

"గాజు. మరీ తెల్లనైతే కండ్లకు కొడతాదంటాది. మరి ఇది చూసి ఏమంటాదో."

"ఆమె కండ్లకు ఏది కొడతాదో నీకు బాగ తెలుసే."

ఆయన గతుక్కుమని కిటికీ వైపు తిరిగాడు.

మెహరున్నీసా ఎలా ఉంటుందో పీరాంబి మనసులో ఎప్పుడో బొమ్మ గీసుకుంది. కాటుక, పట్టుచీర, నోట్లో ఎర్రటి కిళ్ళీ. ఎదురుపడిన మనిషి వేరు. ఉతికి ఉతికి వెలిసిన నీలంచీర కట్టుకుంది. చేతులకు గాజుల్లేవు. కళ్ళ కింద అలసట ఉంది. ఆ అలసటతోనే ఆమె బాగుంది. సింగారించుకుని ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది, అని పీరాంబికి ఏడుపొచ్చినంత పనైంది.

"రా బావా. పీరాంబీ, నువ్వూ వచ్చినావా? శానా సంతోషం. మేనత్త బాగుందా?"

"బాగుంది అక్కా," అంది పీరాంబి. వరసకు అక్కే. ఆ వరసే ఆమెకు గిట్టదు. అక్కా చెల్లీ అని పిలుచుకుంటూనే సవతులైన ఇళ్ళు ఆమె జమ్మలమడుగులోనే రెండు చూసింది.

మెహరున్నీసా లోపలికి పోయి రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. ఒకటి పీరాంబికి ఇచ్చింది. రెండోది కమాల్ బాషాకు ఇస్తూ, "ఉప్పు వెయ్యలేదులే," అంది.

కమాల్ బాషా గడగడా తాగేశాడు.

పీరాంబి గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మజ్జిగలో ఉప్పు వేస్తే ఈయన తాగడు. ఆ సంగతి కనుక్కోవడానికి తనకు కాపురానికి వచ్చిన మొదట్లో నెల పట్టింది. కనుక్కున్న రోజు ఎంత గర్వపడింది! ఈ లోకంలో అత్త తర్వాత ఆ ముక్క తెలిసింది తనకే అనుకుంది. ఇదిగో, ఇంకొకామె అడగకుండానే వేయడం మానేసింది. ఈ మూడుసార్లలో తెలుసుకుందా, చిన్ననాటి నుంచీ తెలుసా? ఏది అయితే తనకు ఎక్కువ నొప్పో పీరాంబి తేల్చుకోలేకపోయింది.

కమాల్ బాషా స్టూలు ఎక్కి దీపం తగిలించాడు. వైరు కలిపాడు. పీరాంబి దూదిమూట విప్పి గొడుగు అందించింది. దాన్ని చట్రంలో బోర్లిస్తుండగా నూర్ అహ్మద్ వచ్చాడు. మెహరున్నీసా మరిది, అన్న పోయాక మిల్లంతా ఆయన చేతి మీదే నడుస్తోంది. నల్లకోటు, చేతిలో గుడ్డగొడుగు, మాటలో తొందర. పాత దీపాలకు మరమ్మతు ఎందుకు, మద్రాసు నుంచి కొత్తవి తెప్పిద్దామని మొదటి నుంచీ ఆయన పట్టు. వదిన మాట కాదనలేక ఒక్కదానికి ఒప్పుకున్నాడు.

"ఏమప్పా కమాల్ బాషా, అయిందా? యాదీ, ఏసి సూపీ."

కమాల్ బాషా స్టూలు మీది నుంచే చెయ్యి చాచి స్విచ్చి నొక్కాడు.

పట్టపగలే అయినా ఆ నడిమిల్లు చీకటిగది. ఒక్కసారిగా గోడలు, దూలాలు, మూలనున్న నూనె డబ్బాలు అన్నీ కనబడ్డాయి. ఇత్తడి గొలుసు మీద వెలుతురు జారింది. గాజు కుచ్చులు ఒక్కొక్కటీ విడివిడిగా వెలిగాయి. మెహరున్నీసా "అల్లా!" అంది. నూర్ అహ్మద్ కూడా ఒక్క నిమిషం తొందర మరిచిపోయాడు. పీరాంబి అయితే కుళ్ళు సంగతే మరిచింది. తన మొగుని చేతుల వైపు చూసింది. ఎంత పనివాడు! తన గొడుగు తన ఇంట్లో కిరసనాయిలు వెలుతురులో ఎన్నడూ ఇంత అందంగా లేదు.

"బాగుందప్పా," అన్నాడు నూర్ అహ్మద్. చుట్టూ తిరిగి చూశాడు. రెండోసారి తిరుగుతూ ఆగాడు. "అవునూ, ఈ గొడుగు మనదేనా?"

కమాల్ బాషా స్టూలు మీద నుంచి దిగబోయి దిగలేదు.

"మనది పచ్చన గదా ఉండేది? ఇది సున్నం మాదిరి తెల్లగుండాది. పాతకాలం గాజు శానా దుడ్లు చేస్తాదని ప్రొద్దుటూరు అంగళ్ళలో చెప్పుకుంటాండారు. అసలుది అమ్ముకోని నకిలీది తగిలిచ్చినావా ఏంది?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ కళ్ళు నవ్వడం లేదు. గుమ్మంలో మిల్లు మనుషులు ముగ్గురు నిలబడి దీపం చూస్తున్నారు. ఇప్పుడు వాళ్ళు కమాల్ బాషాను చూస్తున్నారు.

కమాల్ బాషా దీపం గొలుసు పట్టుకున్నాడు. ఉడకబెట్టానని చెబితే నవ్వులపాలు, చెప్పకపోతే దొంగ. సాయంత్రానికల్లా ఈ సంగతి పులివెందుల సంతలో, రేపటికి ప్రొద్దుటూరులో. పీరాంబికి ఇదంతా కళ్ళకు కట్టింది. ఇంకొకటి కూడా కట్టింది. "అది నాది, మా నాయన ఇచ్చింది, ఇయ్యండి" అని తాను ఒక్క మాట అంటే చాలు. గొడుగు తనది తనకు వస్తుంది. ఈ ఇంటికీ ఈయనకూ ఇక ఏ జన్మలోనూ రాకపోకలుండవు. మెహరున్నీసా గుమ్మం ఈయన మళ్ళీ తొక్కడు. తాను కోరుకున్నది ఇదే కదా! నాలుక చివరిదాకా వచ్చింది.

కమాల్ బాషా ఎక్కిన స్టూలు కోడు టకటకమంటోంది.

"మీదేనయ్యా అది," అంది పీరాంబి. "నేనే కడిగినా. బూడిదనీళ్ళలో రెండు దినాలు నానేసి, చింతపండు పెట్టి తోమినా. ఎన్నేండ్ల కిరసనాయిలు పొగో, గాజుకు పట్టి పచ్చనైపోయి ఉండె. అంతా వదిలింది. గాజు ఎప్పుడూ తెల్లగనే ఉండేది, మీకు తెల్లేదు."

నూర్ అహ్మద్ ఆమెను చూశాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

"ఏమంటావు వదినా? నీ పుట్టింటి దీపం. నువ్వు చెప్పాల."

మెహరున్నీసా తలెత్తి గొడుగును చూసింది. చాలాసేపు చూసింది.

"మనదే," అంది. "కుచ్చులు చూస్తే తెలుస్తాండ్లా? మనదే."

అంతే. నూర్ అహ్మద్ మళ్ళీ తొందరలో పడ్డాడు. మిల్లు ఆపీసులో ఆరు దీపాలున్నాయని, వచ్చి కొలతలు తీసుకోమని కమాల్ బాషా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. కమాల్ బాషా దిగివస్తూ పీరాంబి వైపు ఒక చూపు చూశాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఆమెను అలా చూసింది లేదు. ఆ చూపుతో ఆమె కడుపు నిండింది. ఆయన నూర్ అహ్మద్ వెంట వరండాలోకి పోయి, మిల్లు మనుషులకు ఏదో చెబుతున్నాడు. గొంతులో అప్పుడే ధీమా వచ్చేసింది.

"లోపలికి రా పీరాంబీ, కూడు తిందువు," అంది మెహరున్నీసా.

వంటింట్లో పీట వేసింది. కంచం పెట్టింది. అన్నం వడ్డించబోతూ గరిటె ఆపింది.

"మా గొడుగు అంచుకు ఒక కుచ్చు లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో బావా నేనూ బంతాడతా కొట్టింది. మా నాయనకు తెలిస్తే కొడతాడని ఆ పక్క గోడవైపుకు తిప్పిపెట్టినాడు బావ. నేను ఈడికి తెచ్చుకున్యాక కూడా అట్లనే గోడవైపుకే పెట్టిచ్చినా. మా మరిదికి తెల్దు." ఒక్క క్షణం ఆగి మెల్లగా అంది. "ఈ గొడుగుకు అన్ని కుచ్చులూ ఉండాయి."

పీరాంబి చేతిలో చెంబు కింద పెట్టింది.

"ఇది నీదే గదా?" అంది మెహరున్నీసా. "నువ్వు విప్పినప్పుడే అనుకున్యా. ఇంగొకరి వస్తువును అంత దూదిలో ఎవురూ చుట్టరు. నలుగురి ముందరా నీ నోటితోనే మాదన్యావు. ఇంగ తీసుకుపోలేవే!"

ఆమె ఎగతాళిగా అనలేదు. జాలిగా అంది. జాలి కాబట్టే పీరాంబికి ఒళ్ళు మండిపోయింది. బంతి సంగతి కమాల్ బాషా తనకు ఎన్నడూ చెప్పలేదు. మూడు వారాలు ఆ గాజు ఆయన చేతుల్లో ఉంది. తోమేటప్పుడు, తుడిచేటప్పుడు ఆ కుచ్చు లేని చోట ఆయన వేలు ఎన్నిసార్లు తగిలి ఉంటుంది! ఒక్కసారైనా "ఇది నేను కొట్టిందే" అని నవ్వలేదు. తనకే దాచుకున్నాడు.

పీరాంబి పీట మీద నుంచి లేచింది.

"ఒక మాట అడుగుతా అక్కా. నేను అబద్ధమాడితి. నా మొగుడు దొంగ గాకూడదని ఆడితి. మా నాయన ఇచ్చిన వస్తువు పోగొట్టుకోని ఆడితి. మీ గొడుగు యాడపాయనో నీకు తెల్దు. నీ వస్తువు పోయింది, అడిగేదానికి నీకు హక్కుండాది. అయినా మరిది అడిగితే అదే అబద్ధం నువ్వూ ఆడితివి. నువ్వెందుకాడితివి?"

మెహరున్నీసా గరిటె కింద పెట్టింది. బోసిచేతులు రెండూ ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"చెప్పు అక్కా. నాకు తెలియాల."

ఆమె తలెత్తింది. కానీ చూపు పీరాంబి మీద ఆగలేదు. పీరాంబి భుజం మీదుగా గుమ్మం వైపు పోయింది.

పీరాంబి వెనక్కి తిరిగింది. కొలతల తాడు చేతిలో పట్టుకుని గుమ్మంలో కమాల్ బాషా నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆయన పీరాంబిని చూడటం లేదు. ఆయన కూడా మెహరున్నీసా ఏం చెబుతుందా అనే చూస్తున్నాడు.